రెండిళ్ల కాపురం: క్యూట్ డిజైనర్‌లో మన సొంత విడ్జెట్ ఎందుకు మొరాయిస్తుంది?

మొన్న సాయంత్రం, ఆఫీసులో కొత్తగా చేరిన శ్రీకాకుళం అమ్మాయి తన సిస్టమ్ దగ్గరికి పిలిచింది. "ఏటి సార్ ఇది? ప్రోగ్రాం నడిపితే థర్మామీటర్ శుభ్రంగా కనబడతంది. అదే ఫారాన్ని డిజైనర్‌లో తెరిస్తే ఖాళీ డబ్బా. ఎక్కడ తప్పు చేశానో తెలీటం లేదు."

ఆమె తప్పు ఏమీ లేదు, డిజైనర్ తప్పూ లేదు. కానీ ఆ మాట అర్థమయ్యేలా చెప్పేసరికి ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. ఆ రోజు గబగబా చెప్పింది ఇక్కడ కాస్త నెమ్మదిగా రాస్తున్నాను. క్యూట్ అంటే కిటికీలూ బటన్లూ ఉన్న ప్రోగ్రాములు రాయడానికి వాడే సి ప్లస్ ప్లస్ సామగ్రి. ఆ కిటికీలో కనబడే ఒక్కో ముక్కా ఒక విడ్జెట్, అవి పేర్చిన తెర ఫారం, అలా పేర్చడానికి వాడే సాధనం డిజైనర్.

ముందు మా పని సంగతి. మాది మధురవాడలో పదిమంది పట్టే ఆఫీసు. విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకి, కోల్డ్ స్టోరేజీలకి కంప్యూటర్ తెర మీద నడిచే కంట్రోల్ ప్యానెళ్లు రాసిస్తాం. రొయ్యని మైనస్ 40 డిగ్రీల దాకా వెళ్లే ప్లేట్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత మైనస్ 18 కంటే కిందే నిల్వ ఉంచుతారు. అందుకే మా ప్యానెళ్లలో ఎక్కడ చూసినా ఒకటే బొమ్మ: నిలువు థర్మామీటర్, పక్కన గది పేరు. మైనస్ 18 దాటి పాదరసం పైకి పాకితే నీలం పోయి ఎర్రబడాలి. క్యూట్‌తో వచ్చే విడ్జెట్లలో బటన్ ఉంది, స్లైడర్ ఉంది, గుండ్రటి డయల్ ఉంది, ఎల్‌సీడీ అంకెల డబ్బా కూడా ఉంది. రొయ్యల గది థర్మామీటర్ మాత్రం లేదు. 1990లలో నార్వేలో కూర్చుని దీన్ని తయారుచేసినవాళ్లకి మన రొయ్యలు తట్టకపోవడం సహజమే. కాబట్టి మన విడ్జెట్ మనమే రాసుకోవాలి.

రాయడం కష్టం కాదు. విడ్జెట్లన్నిటికీ మూలమైన క్యూవిడ్జెట్ నుంచి ఒక క్లాసు తీసి, అది తనని తాను గీసుకునే పెయింట్ ఈవెంట్‌లో నాలుగు గీతలూ ఒక రంగూ వేస్తే పని అయిపోతుంది. చిక్కంతా దాన్ని డిజైనర్‌లోకి తీసుకురావడంలో ఉంది. డిజైనర్ అసలు ఏం చేస్తుందో తెలియకపోవడమే ఆ చిక్కుకి మూలం.

చాలామంది డిజైనర్‌ని బొమ్మలు గీసే సాధనం అనుకుంటారు, ఫోటోషాప్‌కి తమ్ముడిలాగా. కాదు. డిజైనర్ కూడా క్యూట్‌తో రాసిన మామూలు ప్రోగ్రామే. ఎడమవైపు డబ్బాలోంచి మీరు లాగి పెట్టింది బటన్ బొమ్మ కాదు, ప్రాణమున్న బటన్. దాన్ని పుట్టించే కోడ్, అంటే కన్‌స్ట్రక్టర్, నడిచింది, దానికి మెమరీ కేటాయించారు, తనని తాను గీసుకుంటోంది. మీరు నొక్కినా పలకకపోవడానికి కారణం ఒక్కటే, మౌస్ కదలికల్ని డిజైనర్ మధ్యలోనే పట్టేసుకుని ఎంచుకోవడానికీ జరపడానికీ వాడుకుంటుంది.

సేవ్ చేసినప్పుడు మాత్రం ఆ ప్రాణం ఫైల్లోకి రాదు. డాట్ యూఐ ఫైల్లో ఉండేది ఎక్స్ఎమ్ఎల్‌లో రాసిన చీటీ: ఫలానా చోట ఫలానా క్లాసు విడ్జెట్ ఉంది, దాని పేరు ఇది, మార్చిన ప్రాపర్టీలు (సైజు, రంగు లాంటి లక్షణాలు) ఇవి. మన ప్రాజెక్టు కంపైల్ అయ్యేటప్పుడు, అంటే కోడ్ నడిచే ప్రోగ్రాంగా మారేటప్పుడు, యూఐసీ అనే చిన్న ప్రోగ్రాం ఆ చీటీ చదివి సి ప్లస్ ప్లస్ హెడర్ ఫైలు రాస్తుంది. మన అప్లికేషన్ దాన్ని కలుపుకుంటుంది. డిజైనర్‌లో కనబడిన బటన్‌కీ, ప్లాంటులో ఆపరేటర్ నొక్కే బటన్‌కీ చుట్టరికం ఆ చీటీ వరకే.

అంటే ఒకే విడ్జెట్ రెండిళ్లలో కాపురం చెయ్యాలి. ఒక ఇల్లు మన అప్లికేషన్. అది మనం కట్టుకున్నదే, సోర్సు మన దగ్గరే ఉంది. రెండో ఇల్లు డిజైనర్. అది ఎవరో ఎప్పుడో కంపైల్ చేసి మనకిచ్చినది, దాని గోడలు మన చేతిలో లేవు. క్యూట్‌తో వచ్చే విడ్జెట్లు రెండిళ్లలోనూ ముందు నుంచీ ఉన్నాయి కాబట్టి ఈ సంగతి మనకి కనపడదు. సొంత విడ్జెట్ రాసిన రోజే బయటపడుతుంది.

రెండో ఇంట్లోకి వెళ్లకుండానే పని జరుపుకునే దారి ఒకటుంది. దాన్ని ప్రమోట్ చెయ్యడం అంటారు. ఫారం మీద ఖాళీ క్యూవిడ్జెట్ పెట్టి, రైట్ క్లిక్ చేసి, "ఇది నిజానికి నా థర్మామీటర్, దీని హెడర్ ఫైలు ఇది" అని రాస్తారు. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపినట్టన్నమాట. డిజైనర్‌కి కనబడేది రుమాలే. యూఐసీ మాత్రం ఆ చోట మీ క్లాసు పేరుతోనే కోడ్ రాస్తుంది. బస్సు కదిలేవేళకి సీట్లో అసలు మనిషి ఉంటాడు. శ్రీకాకుళం అమ్మాయి చూసిన ఖాళీ డబ్బా ఇదే. ఆమె కంటే ముందు ఆ ఫారం చేసినవాళ్లు థర్మామీటర్‌ని ప్రమోట్ చేసి వదిలేశారు.

చాలా ప్రాజెక్టులకి ఇది చాలు. ఇది నా గట్టి అభిప్రాయం. విడ్జెట్ ఒకటి రెండు చోట్లే వాడేటట్టయితే, దాన్ని డిజైనర్ లోపలికే ఎక్కించే ప్లగిన్ రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వెయ్యడమే. ప్రమోషన్‌లో ఒక చిట్కా కూడా ఉంది. మన ప్రాపర్టీలు డిజైనర్ ప్రాపర్టీ పట్టికలో కనబడవు కదా, అక్కడున్న ప్లస్ గుర్తు నొక్కి అదే పేరుతో డైనమిక్ ప్రాపర్టీ చేర్చండి. యూఐసీ దాన్ని సెట్‌ప్రాపర్టీ పిలుపుగా రాస్తుంది. అప్లికేషన్ నడిచేటప్పుడు ఆ పిలుపు సరిగ్గా మన అసలు ప్రాపర్టీకే చేరుతుంది. పేరులో ఒక అక్షరం తప్పితే మాత్రం ఎవరూ చెప్పరు, నిశ్శబ్దంగా ఊరుకుంటుంది.

మాకది చాలలేదు. ఒక ప్లాంటు ప్యానెల్లో పద్నాలుగు గదులు, ఒక్కో గదికి ఒక్కో పరిధి. ఫారం పేర్చే మనిషి ప్రోగ్రామర్ కూడా కాదు. పద్నాలుగు ఖాళీ డబ్బాలు చూసి ఏది ఏ గదో ఊహించుకోమనడం అన్యాయం. అప్పుడు ప్లగిన్ తప్పదు.

ప్లగిన్ అంటే ఒక డైనమిక్ లైబ్రరీ. విండోస్‌లో డీఎల్ఎల్, లినక్స్‌లో ఎస్ఓ ఫైలు. క్యూట్ ప్లగిన్స్ ఫోల్డర్‌లో డిజైనర్ అనే ఉపఫోల్డర్ ఉంటుంది, అందులో పెట్టాలి. డిజైనర్ లేచేటప్పుడు ఆ ఫోల్డర్ వెతికి, దొరికినవాటిని లోపలికి లాక్కుంటుంది. ఆ లైబ్రరీలో మన థర్మామీటర్‌తోపాటు ఒక పరిచయకర్త క్లాసు ఉండాలి. అది క్యూడిజైనర్‌కస్టమ్‌విడ్జెట్‌ఇంటర్‌ఫేస్ అనే చాంతాడంత పేరున్న ఇంటర్‌ఫేస్‌ని అమలుచేస్తుంది. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి చేసే పనే దీనిదీ. పేరేంటి? ఏ గుంపులో కూర్చోబెట్టాలి? ఐకాన్ ఏది? ఇంకో విడ్జెట్‌ని కడుపులో పెట్టుకోగలదా? హెడర్ ఫైలు ఎక్కడుంది? వీటికి ఒక్కో వరుసలో జవాబులు. వీటన్నిటిలో బరువైనది క్రియేట్‌విడ్జెట్ ఒక్కటే. డిజైనర్ అడిగినప్పుడు కొత్త థర్మామీటర్ పుట్టించి చేతిలో పెట్టడం దాని పని. ఒకే లైబ్రరీలో చాలా విడ్జెట్లుంటే కలెక్షన్ ఇంటర్‌ఫేస్ అని వేరే ఉంది, అందరి జాబితా అది ఒక్కటే ఇస్తుంది. చివరగా క్యూట్ 5 నుంచి క్యూ_ప్లగిన్_మెటాడేటా అనే మాక్రో రాయాలి. క్యూట్ 4 కాలపు పాఠాల్లో దీని చోట క్యూ_ఎక్స్‌పోర్ట్_ప్లగిన్2 కనబడుతుంది. నెట్‌లో దొరికిన పాత కోడ్ తెచ్చి అతికించి తలపట్టుకునేవాళ్లలో సగంమంది ఇక్కడే పడిపోతారు.

ఆ మధ్యవర్తి చెప్పే జవాబుల్లో రెండింటిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మొదటిది పేరు. క్లాసు ఒక నేమ్‌స్పేస్‌లో (పేర్లని గుంపుగా కట్టే చోట) ఉంటే నేమ్‌స్పేస్‌తో సహా చెప్పాలి. డామ్ఎక్స్ఎమ్ఎల్ అని ఇంకో జవాబు ఉంటుంది, విడ్జెట్ ఫారం మీద పడినప్పుడు దాని మొదటి సైజూ పేరూ అందులో ఎక్స్ఎమ్ఎల్‌గా ఇస్తాం. అక్కడ రాసిన క్లాసు పేరూ ఇక్కడి పేరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రెండోది ఇంక్లూడ్‌ఫైల్. ఇది తప్పు చెబితే డిజైనర్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు. విడ్జెట్ వస్తుంది, కదులుతుంది, సేవ్ అవుతుంది. వారం తర్వాత ఇంకెవరో అప్లికేషన్ కంపైల్ చేస్తే హెడర్ దొరకలేదని అక్కడ ఆగిపోతుంది. ఒక ఇంట్లో చేసిన తప్పుకి ఇంకో ఇంట్లో గొడవ. ఈ పనిలో ఎదురయ్యే పీడకలలు చాలావరకు ఈ అచ్చులోనివే.

ఇక గుమ్మం దగ్గర జరిగే గొడవ. ప్లగిన్ కంపైల్ అయింది, ఫోల్డర్‌లో పెట్టారు, డిజైనర్ తెరిస్తే విడ్జెట్ జాడ లేదు. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. ఈ మౌనం చూసి ఎంతోమంది మళ్లీ ప్రమోషన్‌కే వెళ్లిపోయారు.

మన లైబ్రరీ వేరొకరి ప్రోగ్రాం లోపలికి వెళ్లి, అదే మెమరీలో, అదే క్యూట్‌తో మాట్లాడాలి. ఆ ప్రోగ్రాం ఏ కంపైలర్‌తో కట్టారో మన లైబ్రరీ కూడా దానికి పొసగాలి. సి ప్లస్ ప్లస్‌లో ఒక్కో కంపైలర్ ఫంక్షన్ పేర్లని ఒక్కో రకంగా మార్చి రాస్తుంది, క్లాసుల్ని మెమరీలో ఒక్కో రకంగా పేరుస్తుంది. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్‌తో కట్టిన ప్లగిన్ మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కట్టిన డిజైనర్‌లోకి వెళ్లదు. 32 బిట్‌ది 64 బిట్‌లోకి వెళ్లదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో తప్పులు వెతకడానికి కట్టిన డీబగ్ ప్లగిన్, వాడకానికి కట్టిన రిలీజ్ డిజైనర్‌లోకి వెళ్లదు. ప్లగిన్‌ని కొత్త క్యూట్‌తో కట్టి పాత క్యూట్ డిజైనర్‌కి ఇస్తే తీసుకోదు. ఒకే ప్రధాన వెర్షన్‌లో పాతదానితో కట్టినది కొత్తదానిలో నడుస్తుంది. విశాఖ ఇన్నర్ హార్బర్‌కి ఏ ఓడ పడితే ఆ ఓడ రాదు కదా, చానల్ లోతుకి సరిపడేదే వస్తుంది. ఇదీ అంతే.

అన్నిటికంటే ఎక్కువమందిని తిప్పలుపెట్టేది, క్యూట్ కోడ్ రాసుకునే ఎడిటర్ అయిన క్యూట్ క్రియేటర్. దాని కడుపులోనూ ఒక డిజైనర్ ఉంది. డాట్ యూఐ ఫైలు మీద క్లిక్ చేస్తే తెరుచుకునేది అదే. కానీ క్రియేటర్‌ని దాన్ని తయారుచేసినవాళ్లు తమ క్యూట్‌తో, తమ కంపైలర్‌తో కట్టుకున్నారు. మీరు ఎంచుకున్న కిట్‌తో (మీ ప్రాజెక్టుకి వాడే క్యూట్, కంపైలర్ జతతో) దానికి సంబంధం లేదు. విండోస్‌లో అధికారికంగా వచ్చే క్రియేటర్ మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కట్టినది. మింగ్‌డబ్ల్యూ కిట్ వాడే కుర్రాడు ఎన్నిసార్లు కట్టినా తన విడ్జెట్ అందులో కనబడదు. కిట్‌తోపాటు వచ్చే విడి డిజైనర్‌ని తెరిస్తే అక్కడ దర్జాగా కూర్చుని ఉంటుంది. మేము క్రియేటర్‌తో కుస్తీ మానేశాం. ఫారాలన్నీ విడి డిజైనర్‌లోనే పేరుస్తాం.

కారణం కనుక్కోవడానికి రెండు చోట్లు చూడాలి. డిజైనర్ హెల్ప్ మెనూలో ప్లగిన్ల గురించి చెప్పే కిటికీ ఉంటుంది, ఎక్కలేకపోయినవాటి జాబితా కారణంతో సహా అందులో ఇస్తుంది. అదీ చాలకపోతే క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి, కమాండ్ లైన్ నుంచి డిజైనర్ తెరవండి. ఏ ఫైలు చూసింది, ఎందుకు వద్దంది అంతా ఏకరువు పెడుతుంది. "మాడ్యూల్ దొరకలేదు" అని చెబితే మాత్రం పొరబడకండి. దొరకనిది మీ ప్లగిన్ కాకపోవచ్చు, మీ ప్లగిన్ ఆధారపడిన ఇంకో డీఎల్ఎల్ కావచ్చు. విడ్జెట్‌ని ఒక లైబ్రరీగా, ప్లగిన్‌ని ఇంకో లైబ్రరీగా విడదీసినప్పుడు ప్లగిన్‌ని ఫోల్డర్‌లో పెట్టి, విడ్జెట్ లైబ్రరీని పాత్‌లో (విండోస్ డీఎల్ఎల్‌లు వెతికే ఫోల్డర్ల జాబితాలో) పెట్టడం మర్చిపోతాం. విడదీయడం మంచి పద్ధతే, ఈ మతిమరుపుకి మందు మాత్రం లేదు.

గుమ్మం దాటాక మర్యాద సంగతి. ఇది నేను నా చెంపలు వాయించుకుని నేర్చుకున్నాను.

మొదటి థర్మామీటర్ రాసినప్పుడు తెలివి ఎక్కువై, కన్‌స్ట్రక్టర్‌లోనే సీరియల్ పోర్టు తెరిచి ఉష్ణోగ్రత చదివేలా రాశాను. విడ్జెట్ పెడితే చాలు, అదే పనిచేసుకుంటుందని సంబరం. ఒక ప్లాంటులో ప్యానెల్ పెట్టడానికి వెళ్లాం. గది పేరు మార్చమన్నారు. అక్కడే లాప్‌టాప్‌లో డిజైనర్ తెరిచి పేరు మార్చి, మళ్లీ కంపైల్ చేసి నడిపాను. పోర్టు తెరుచుకోవడం లేదు. కేబుల్ మార్చాం, కన్వర్టర్ మార్చాం, కంట్రోలర్‌ని ఆపి వేశాం. వాళ్ల ఎలక్ట్రీషియన్ గారు పాపం వైరింగ్ అంతా విప్పి మళ్లీ బిగించారు. గంటన్నర తర్వాత విసుగొచ్చి లాప్‌టాప్‌లో కిటికీలన్నీ మూసేశాను. డిజైనర్ మూసిన మరుక్షణం పోర్టు తెరుచుకుంది.

అర్థమైంది కదా. డిజైనర్‌లో ఉన్నది థర్మామీటర్ బొమ్మ కాదు, ప్రాణమున్న థర్మామీటర్. దాని కన్‌స్ట్రక్టర్ అక్కడా నడిచింది, పోర్టుని అదే పట్టుకుని కూర్చుంది. ఆ ఎలక్ట్రీషియన్ గారికి అసలు సంగతి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అత్తారింటికి వెళ్లిన అల్లుడు అక్కడి బీరువా తెరవడు. విడ్జెట్ కూడా అంతే. కన్‌స్ట్రక్టర్‌లో పోర్టు తెరవకూడదు, డేటాబేస్‌కి వెళ్లకూడదు, థ్రెడ్ మొదలెట్టకూడదు. పెయింట్ ఈవెంట్‌లోనే మళ్లీ అప్‌డేట్ పిలిస్తే గీసిందే గీస్తూ డిజైనర్ ప్రాసెసర్‌ని మింగేస్తుంది. నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని చిరునామా) ముట్టుకుంటే చచ్చేది విడ్జెట్ ఒక్కటే కాదు. డిజైనర్ మొత్తం కూలుతుంది, పక్క ట్యాబుల్లో సేవ్ చెయ్యని ఫారాలతో సహా. అలా కూలితే ముందు ఆ లైబ్రరీని ఫోల్డర్‌లోంచి బయటికి జరిపి, తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు మా థర్మామీటర్‌కి పోర్టు అంటే ఏమిటో తెలియదు. దానికొక స్లాట్ ఉంది, ఉష్ణోగ్రత చెబితే గీస్తుంది. చదివే పని వేరే క్లాసుది, కబురు మోసి రెండింటినీ కలిపేది సిగ్నల్. ఆ చదివే క్లాసు డిజైనర్‌లో లేదు కాబట్టి అక్కడ ఎవరూ పోర్టు జోలికి వెళ్లరు. నిజం చెప్పాలంటే ప్లగిన్ లేకపోయినా ఇలాగే రాయాల్సింది.

ప్రాపర్టీల దగ్గర కాస్త ఆగాలి, ప్లగిన్ రాసిన శ్రమకి ఫలితం ఇక్కడే కనబడుతుంది. క్లాసులో క్యూ_ప్రాపర్టీ అని ప్రకటించిన ప్రతిదాన్నీ డిజైనర్ మెటా ఆబ్జెక్టు (క్లాసు గురించిన వివరాల చిట్టా) ద్వారా తనే చదువుకుని పట్టికలో చూపిస్తుంది. అంకె అయితే అంకెల డబ్బా, రంగు అయితే రంగుల పెట్టె. ఎనమ్‌ని (పేర్లు పెట్టిన విలువల గుంపుని) క్యూ_ఎనమ్‌తో ప్రకటిస్తే ఎంచుకునే జాబితా వస్తుంది.  నడిచేటప్పుడు మాత్రమే అర్థమున్న వాటిని, ఉదాహరణకి చివరిసారి చదివిన సమయాన్ని, డిజైనబుల్ ఫాల్స్ అని దాచెయ్యాలి.

వీటిని ప్రకటించే వరుస కూడా ముఖ్యమే, ఈ మాట ఎవరూ చెప్పరు. డిజైనర్ ప్రాపర్టీలని క్లాసులో రాసిన వరుసలోనే ఫైలుకి రాస్తుంది, యూఐసీ అదే వరుసలో విలువలు పెట్టే సెట్టర్లని పిలుస్తుంది. మా థర్మామీటర్‌లో మొదట ఉష్ణోగ్రత, తర్వాత కనిష్ఠం, గరిష్ఠం అని రాశాను. మామూలు పరిధి 0 నుంచి 100. ఫారంలో పరిధిని మైనస్ 50 నుంచి 10కి మార్చి, ఉష్ణోగ్రత మైనస్ 18 ఇచ్చాం. డిజైనర్‌లో అంతా సరిగ్గానే ఉంది, మనం చేత్తో ముందు పరిధినే మార్చాం కాబట్టి. ప్రోగ్రాం నడిస్తే ముందు మైనస్ 18 వస్తుంది, అప్పటికి పరిధి ఇంకా 0 నుంచి మొదలు కాబట్టి సెట్టర్ దాన్ని 0కి కుదిస్తుంది. పరిధి మారేది ఆ తర్వాత. తెర మీద 0 డిగ్రీలు, ఎర్ర రంగు. రొయ్యలు కరిగిపోతున్నాయని ఫోను. కనిష్ఠం, గరిష్ఠం ముందు ప్రకటించి, విలువని చివర పెడితే సమస్య తీరిపోయింది. క్యూట్ సొంత ప్రోగ్రెస్ బార్ హెడర్ తెరిచి చూడండి, అందులోనూ ఇదే వరుస.

మిగతావి తొందరగా. పేజీలున్న కంటైనర్ విడ్జెట్ రాస్తే, పేజీలు ఎలా చేర్చాలో తీయాలో డిజైనర్‌కి చెప్పే కంటైనర్ ఎక్స్‌టెన్షన్ రాయాలి. రైట్ క్లిక్ మెనూలో మన సొంత పని పెట్టాలంటే టాస్క్ మెనూ ఎక్స్‌టెన్షన్ ఉంది, క్యూట్ ఉదాహరణల్లో టిక్ టాక్ టో ఆటతో చూపించారు. పైథాన్‌లో రాసేవాళ్లకి ఈ కంపైలర్ గొడవ చాలావరకు తప్పుతుంది. క్యూట్‌ని పైథాన్‌లో వాడనిచ్చే పైసైడ్6తో వచ్చే డిజైనర్‌ని దాని సొంత కమాండ్‌తో తెరిచి, రిజిస్టర్ అనే మాటతో మొదలయ్యే పైథాన్ ఫైలు ఉన్న ఫోల్డర్‌ని పైసైడ్_డిజైనర్_ప్లగిన్స్ వేరియబుల్‌లో చూపిస్తే చాలు.

ఇదంతా క్యూట్ ఒక్కదాని తలనొప్పి అనుకోకండి. 1991లో విజువల్ బేసిక్ వచ్చాక వీబీఎక్స్ కంట్రోళ్లు, అంటే అందులో వాడే విడ్జెట్లు, అమ్ముకునే వ్యాపారమే పుట్టింది. అవి కూడా డిజైన్ చేసేటప్పుడు ఆ సాధనం లోపలే నడిచేవి. 1995లో వచ్చిన డెల్ఫీలోనూ అంతే. నడుస్తున్న విడ్జెట్‌నే ఫారం మీద పెట్టి చూపించే ఏ సాధనంలోనైనా ఈ రెండిళ్ల కాపురం ఉంటుంది.

మర్నాడు పొద్దున్నకి శ్రీకాకుళం అమ్మాయి ప్లగిన్ కట్టేసింది. డిజైనర్‌లో పద్నాలుగు థర్మామీటర్లూ నీలంగా వెలుగుతున్నాయి. ఒకదాని పరిమితి మార్చి ఎర్రబడేలా చేసి చూపించింది. తర్వాత ప్యాకేజీ చేస్తూ మళ్లీ పిలిచింది.

"సార్, ఈ ప్లగిన్ డీఎల్ఎల్ కూడా ప్లాంటుకి పంపాలా?"

"అక్కర్లేదమ్మా. యూఐసీ రాసిన కోడ్‌లో నేరుగా మన క్లాసే ఉంది. విడ్జెట్ లైబ్రరీ ఒక్కటి పంపు. ప్లగిన్ డిజైనర్ కోసమే."

"మరి రిపోర్టుల కిటికీలో ఫారాన్ని క్యూయూఐలోడర్ నడిచేటప్పుడు చదువుకుంటంది కదండీ. అందులోనూ ఒక థర్మామీటర్ ఉంది."

నిజమే, నేను మర్చిపోయాను. ఆ కిటికీకి యూఐసీ ప్రమేయం లేదు, నడుస్తున్న అప్లికేషనే డాట్ యూఐ ఫైలు చదువుతుంది. డిజైనర్ లాగానే దానికీ థర్మామీటర్ అంటే ఎవరో తెలియదు. ప్లగిన్ దొరక్కపోతే దాని చోట మూల క్లాసుని పెట్టి ఊరుకుంటుంది. మళ్లీ ఖాళీ డబ్బా.

ప్లగిన్ కూడా ప్యాకేజీలో పెట్టించాను.